పద్యమా, ఒపెరానా, దరువా: హుద్‌హుద్ కథకి ఏది మేలు?

మా బృందం కోసం గంటన్నర నాటకం ఒకటి కడుతున్నా, మొదటి నుంచి చివరి దాకా పాటే. 2014 అక్టోబర్ 12, హుద్‌హుద్ తుఫాను విశాఖ మీద పడ్డ రోజు కథ. జాలారిపేటలో ఒకడు పడవ లాగి కట్టొస్తానని వెళ్తాడు, ఇంట్లో పెళ్లాం, అత్త ఎదురుచూస్తుంటారు, అంతే. కథ కుదిరింది గానీ ఎలా పాడించాలన్న దగ్గరే గొడవ.

మా మాస్టారిది ఒకటే మాట, పద్యం. నిజమే, విశాఖ కళాభారతి ఆడిటోరియంలో పద్యం చివర రాగం అందుకుంటే పడే చప్పట్లు ఇంక దేనికీ పడవు. కానీ రాగం తీస్తున్నంత సేపూ కథ నిలబడిపోతుంది, తుఫాను నిలబడదు కదా! పైగా జాలారి ఇల్లాలి నోట గ్రాంథికంలో ఉత్పలమాల అంటే నాకే నవ్వొస్తుంది. ఆటవెలదో తేటగీతో అయితే కొంత నయం. (హార్మోనియం లేకపోతే సంప్రదాయం పోయినట్టే అంటారు మాస్టారు. అదీ ఐరోపా నుంచి దిగిందే, ఆకాశవాణి 1940 నుంచి 1971 దాకా దాన్ని దగ్గరికి రానివ్వలేదు.)

కుర్రాళ్లకి ఒపెరా కావాలి, అంటే పడమటి దేశాల పాటల నాటకం. 1607లో ఇటలీ స్వరకర్త మాంటెవెర్డి ‘ఓర్ఫెయో’ నాటికే మాటకీ పాటకీ మధ్య నడిచే గానం ఒపెరాకుంది, దాంతో కథ ఆగదు. అంతకన్నా నాకు అసూయ పుట్టించేది ఇంకొకటి: ముగ్గురు మనుషులు ఒకేసారి మూడు వేరే మాటలు పాడతారు, అయినా వినబుద్ధేస్తుంది. మన స్టేజీ మీద ఒకరు పాడుతుంటే మిగతావాళ్లు తమ వంతు కోసం నిలబడి ఉంటారు.

చిక్కల్లా తెలుగుతోనే. మనకి హ్రస్వం సాగితే మాటే మారిపోతుంది, ‘వల’ని రెండు మాత్రలు లాగితే ‘వాల’ అవుతుంది, ‘కల’ ‘కాల’ అవుతుంది. అమెరికా స్వరకర్త ఫిలిప్ గ్లాస్ గాంధీ మీద 1980లో ‘సత్యాగ్రహ’ అనే ఒపెరా చేశాడుగా అంటారు కుర్రాళ్లు. చేశాడు, అంతకుముందు ప్యారిస్‌లో సితార్ రవిశంకర్ దగ్గర పనిచేస్తూ మన తాళం లెక్కలూ పట్టుకున్నాడు. కానీ అందులో పాడేది గీతా శ్లోకాలు, ఎదుటివాడితో కబుర్లు కాదు, మాట అందకపోయినా నడుస్తుంది. నా కథలో అత్త “వల తెచ్చాడా” అన్నది వెనక వరసకి అందకపోతే సీనే లేదు. ఇంకోటి, తోడి రాగం కింద కీబోర్డుతో కార్డ్స్ (ఒకేసారి మోగే రెండు మూడు స్వరాలు) వేసి చూశా. తోడిలో గాంధారం, అంటే ‘గ’ స్వరం, ఊగుతుంది, కార్డ్ ఊగదు, రెండూ కలిపి వింటే పంటి కింద రాయి పడ్డట్టుంది. మోహనలో ఫరవాలేదు.

మిగిలింది దరువు, అంటే తాళానికి కట్టిన పాత్ర పాట. యక్షగానంలో, కూచిపూడి కలాపాల్లో పాత్ర దరువుతోనే వస్తుంది, దరువులోనే వాదిస్తుంది. మాట తాళంలో ఉంటుంది, లఘువు లఘువుగానే వినిపిస్తుంది. పడవ, తుఫాను అంటే గుర్తొచ్చేది త్యాగరాజు పాటల నాటకం నౌకాచరిత్రం, ఆయన కూడా ఒక్కదానికి కట్టుబడలేదు, కీర్తన, పద్యం, వచనం మూడూ వాడుకున్నాడు. ఆ ధైర్యంతోనే నా ఓటు దరువుకి వేశా. ఎముకలు దరువువి, గాలి పెరిగే ఆ ఏడు నిమిషాలు మాత్రం ఒపెరావి: పెళ్లాం, అత్త, ఒడ్డున మొగుడు, ముగ్గురూ ఒకేసారి. కింద కార్డ్స్ ఉండవు, శ్రుతి, దాని మీద మన ఉత్తరాంధ్ర తప్పెటగుళ్ల దెబ్బ. తప్పెట గుండె మీదే కట్టుకుని కొడతారు కాబట్టి ఆ సీనుకి దాన్ని మించింది దొరకదనిపించింది.

పద్యం ఒక్కటే ఉంచాం, చివర్లో అత్తకి తేటగీతి. రాగం పదిహేను సెకన్లు దాటకూడదని షరతు. నిన్న రిహార్సల్లో ఎలా పాడాలో చూపిస్తానని మాస్టారు అందుకున్నారు, నిమిషంన్నర. ఆపమని చెప్పే ధైర్యం ఎవరికుంది, అందరం చప్పట్లు కొట్టాం.