పాత జిప్సీయా, పాత థారా?

మారేడుమిల్లి, వంజంగి తిరిగే కుర్రాడికి ఫోర్ వీల్ డ్రైవ్ కావాలి, జేబు మాత్రం చిన్నది. సెకండ్ హ్యాండ్‌లో చివరికి మిగిలేవి ఈ రెండే: మారుతి జిప్సీ కింగ్, 2020కి ముందు వచ్చిన మహీంద్రా థార్ సీఆర్‌డీఈ (కామన్ రైల్ డీజిల్ ఇంజన్ ఉన్న మోడల్).

ఇంజన్: జిప్సీది 1.3 లీటర్ల పెట్రోలు, థార్‌ది 2.5 లీటర్ల డీజిల్, 247 న్యూటన్ మీటర్ల టార్క్, అంటే లాగే బలం. ఏటవాలు ఘాట్‌లో ఆ తేడా తెలుస్తుంది.

బరువు: జిప్సీ దాదాపు టన్ను. బురదలో దిగబడితే నలుగురు తోస్తే కదులుతుంది. థార్‌ని అలా తోయలేరు.

సుఖం: జిప్సీకి నాలుగు వైపులా లీఫ్ స్ప్రింగులే, ఏసీ లేదు. హైదరాబాద్ నుంచి అరకు దాకా నడిపితే నడుం గుర్తు చేస్తూనే ఉంటుంది! థార్ కొంత నయం.

రిపేరు: జిప్సీ ఊరి మెకానిక్ చేతికీ లొంగుతుంది. థార్‌లో టర్బో, ఇంజెక్టర్లు పోతే బిల్లు బరువే.

కొనేముందు ఛాసిస్, ఫ్లోర్ కింద తుప్పు చూడండి. పైన కొత్త పెయింటుంటే అనుమానం రావాలి. సైన్యం వేలంలో వచ్చిన జిప్సీకి ఆర్‌సీ చేతికొచ్చాకే డబ్బివ్వండి. థార్‌లో టూ వీల్ డ్రైవ్ డీఐ అనే మరో మోడల్ కూడా ఉంది, పొరపడొద్దు. పదిహేనేళ్లు దాటితే రీ రిజిస్ట్రేషన్ ఖర్చూ కలుపుకోండి.

వారాంతాల్లో అడవి దారులకే అయితే, స్పానర్ పట్టడం ఇష్టమైతే జిప్సీ. హైవే మీద వందల కిలోమీటర్లు వెళ్లి కొండెక్కేవాడికి థార్.