ఇండియానాపోలిస్ క్వాలిఫైయింగ్ ఆదివారం: ఆ టిక్కెట్టు దేనికోసం కొనాలి?

ఇండియానాపోలిస్ మోటర్ స్పీడ్‌వేలో ఏటా మే చివర జరిగే 500 మైళ్ల రేసుకు ముందరి వారాంతంలో రెండు రోజులు క్వాలిఫైయింగ్ ఉంటుంది: ఒక్కో కారూ విడిగా నాలుగేసి చుట్లు పరుగెత్తి, ఆ సగటు వేగంతో రేసులో తన చోటు తేల్చుకుంటుంది. 2024 మే 19, ఆదివారం నాడు నా భార్యతోనూ, పదకొండేళ్ల కొడుకుతోనూ అక్కడికి వెళ్లాను. రేసు రోజు గురించి చాలామంది రాశారు కాబట్టి ఈ సమీక్షను ఆ ఆదివారానికే పరిమితం చేస్తున్నాను. టిక్కెట్టు కొన్నప్పుడు నా ఆశ ఒక్కటే: 1996 నుంచి నిలిచి ఉన్న ట్రాక్ రికార్డు ఆ రోజు బద్దలైతే మావాడు దాన్ని కళ్లారా చూడాలి. చక్రాలు బయటికి కనిపించే ఆ ఒంటి సీటు కార్ల మీద పిల్లవాడికి ఇష్టం కలగడానికి అంతకు మించిన సందర్భం ఉండదని నమ్మాను. రికార్డు బద్దలు కాలేదు గానీ ఇష్టం మాత్రం కలిగింది, అదీ నేను ఊహించిన కారణంతో కాదు.

ముందుగా వసతుల సంగతి. క్వాలిఫైయింగ్‌కు సాధారణ ప్రవేశం రేసు రోజు సీటు కంటే చాలా చవక. పెద్దవాళ్లతో వచ్చే పదిహేనేళ్ల వరకు వయసున్న పిల్లలకు టిక్కెట్టు అక్కర లేదు. ఇంటి నుంచి భోజనం తెచ్చుకోనిస్తారు కాబట్టి మేము పులిహోర, పెరుగన్నం కట్టుకుని వెళ్లాం. తెరిచి ఉంచిన స్టాండ్లలో నచ్చిన చోట కూర్చోవచ్చు. మేము మొదటి మలుపు దగ్గర పై వరుసల్లో కూర్చున్నాం. ట్రాక్ చుట్టుకొలత రెండున్నర మైళ్లు కాబట్టి ఎక్కడ కూర్చున్నా మొత్తం కనిపించదు, మిగతాది పెద్ద తెర మీద చూసుకోవాలి. పిల్లలకు చెవులు కప్పే మఫ్స్ తప్పనిసరి.

ఇక వేగం. తిన్నగా ఉన్న దారిలో దూసుకొచ్చిన కారు ఏమాత్రం నెమ్మదించకుండా మలుపులోకి దిగుతున్నప్పుడు, దాని శబ్దం ఛాతీలో తగులుతుంది. టీవీలో దీని పదో వంతు కూడా తెలియదు. మొదటి కారు వెళ్లగానే మావాడు లేచి నిలబడ్డాడు, నేనూ నిలబడ్డాను. కొత్తవాళ్లను ఈ క్రీడ వైపు లాగే శక్తి వేగానికి ఉందనడంలో నాకు సందేహం లేదు. అయితే వేగం వేరు, వేగపు రికార్డు వేరు. 1996లో ఆరీ లయండైక్ అనే డ్రైవరు గంటకు 237.498 మైళ్ల సగటుతో చుట్టిన ఒక్క చుట్టుకు 37.895 సెకన్లు పట్టింది. మేము చూసిన రోజు పోల్, అంటే రేసును అందరికంటే ముందు నుంచి మొదలుపెట్టే చోటు, సాధించిన స్కాట్ మెక్‌లాఫ్లిన్ నాలుగు చుట్ల సగటు 234.220 మైళ్లు, అంటే చుట్టుకు దాదాపు 38.4 సెకన్లు. ఈ అర సెకను తేడాను స్టాండులో కూర్చున్న ఏ కన్నూ పట్టుకోలేదు. ఆ 234.220 కూడా ఒక రికార్డే, 500 చరిత్రలో అత్యంత వేగవంతమైన పోల్. అంతకు ముందటి ఏడు అలెక్స్ పలౌ నెలకొల్పిన 234.217ను అది దాటింది. ఆ మాట మైకులో చెప్పినప్పుడు మావాడు పులిహోర డబ్బా లోంచి తల కూడా ఎత్తలేదు.

రికార్డుకు విలువ ఎప్పుడూ లేదనడం నా ఉద్దేశం కాదు. 1911లో రే హారూన్ మొదటి 500 గెలిచిన సగటు వేగం 74.602 మైళ్లు. 1962లో పార్నెల్లీ జోన్స్ 150 మైళ్ల గీత దాటాడు, 1977లో టామ్ స్నీవా 200 దాటాడు. 200 అనే అంకె అర్థం కావడానికి కార్ల గురించి ఏమీ తెలియనక్కరలేదు. దానికి తోడు దశాబ్దాల పాటు అక్కడి మైకు ముందు ఉన్న టామ్ కార్నెగీ, కొత్త ట్రాక్ రికార్డు అని సాగదీసి ప్రకటించే తీరే జనాన్ని లేపేది. మన ఊళ్లలో ఎడ్ల బండలాగుడు పోటీలు చూసినవారికి ఇది తెలుసు: జత ఎన్ని అడుగులు లాగిందో మైకులో చెప్పే గొంతును బట్టే మైదానంలో ఈలలు లేస్తాయి. 237 నుంచి 238కి వెళ్లడంలో అటువంటి పిలుపు లేదు.

రికార్డు ఉంటే జనం వస్తారనేవారు 1996నే జాగ్రత్తగా చూడాలి. ఈ క్రీడ ఆ ఏడాదే రెండుగా చీలింది. పెద్ద జట్లలో చాలా భాగం ఇండియానాపోలిస్‌కు రాకుండా అదే రోజు మిషిగన్‌లో వేరే రేసు పెట్టుకున్నాయి. లయండైక్ రికార్డు నెలకొల్పింది అటువంటి మే నెలలో. శనివారం చేసిన పరుగు కారు బరువు తక్కువైందన్న కారణంగా చెల్లకపోవడంతో, మర్నాడు అందరికంటే వేగంగా పరుగెత్తినా అతడు రేసును మొదటి రోజు అర్హత పొందినవారి వెనక, ఇరవయ్యో స్థానం నుంచి మొదలుపెట్టాల్సి వచ్చింది. అత్యంత వేగవంతమైన ఆ ఏడాది నుంచే అభిమానులు ఈ క్రీడకు దూరం కావడం మొదలైంది, ఎందుకంటే వాళ్లు ఎరిగిన డ్రైవర్లు అక్కడ లేరు. దీనికి భిన్నంగా, వందో రేసు జరిగిన 2016లో టిక్కెట్లన్నీ అమ్ముడుపోయినప్పుడు పోల్ వేగం 230.760 మాత్రమే. 2025లో గ్రాండ్‌స్టాండ్లు మళ్లీ నిండినప్పుడు అది 232.790.

అంకె వెంట పడడానికి మూల్యమూ ఉంది. 2001లో టెక్సస్ ఓవల్ మీద కార్లు 230 మైళ్లు దాటడంతో డ్రైవర్లకు తల తిరిగి, రేసును కొద్ది గంటల ముందు రద్దు చేయవలసి వచ్చింది. 2015 మేలో ఇండియానాపోలిస్‌లోనే మూడు కార్లు గాలిలోకి లేచి తిరగబడ్డాక ఆ ఏడాది క్వాలిఫైయింగ్‌కు ఇచ్చే అదనపు బూస్ట్‌ను, అంటే ఇంజను శక్తిని పెంచే టర్బో ఒత్తిడిని, తీసేశారు. ఆ నిర్ణయాన్ని నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను.

టిక్కెట్టు డబ్బుకు అసలు న్యాయం చేసింది చివరి వరుస కోసం జరిగిన ఆ ఒక్క గంట. వచ్చిన కార్లు 34, రేసులో చోటు 33కే. మిగిలిన మూడు స్థానాల కోసం నలుగురు పోటీపడ్డారు. 2022 విజేత మార్కస్ ఎరిక్సన్ చుట్లు లెక్క తప్పి, నాలుగు పూర్తయ్యాయనుకుని మూడో చుట్టు తరవాతే వేగం తగ్గించాడు. స్టాండంతా ఒక్కసారిగా అరిచింది. మావాడు, "నాన్నా, ఇంకో రౌండు ఉంది కదా!" అని నా చెయ్యి పట్టుకుని ఊపేశాడు. ఎరిక్సన్ మళ్లీ ప్రయత్నించి గట్టెక్కాడు. గ్రేయమ్ రేహల్ 229.974తో ఆఖరి చోటులో ఉండి, తనను ఎవరు తోసేస్తారోనని ఎదురుచూశాడు. అంతకు ముందటి ఏడు అతణ్ణి సొంత జట్టు సహచరుడే బయటికి నెట్టాడు. 1986 విజేతైన అతని తండ్రి బాబీకి కూడా 1993లో ఇదే గతి పట్టింది. చివరికి పంతొమ్మిదేళ్ల నోలన్ సీగల్ ఉన్న ధైర్యమంతా కూడగట్టుకుని బయల్దేరి గోడకు గుద్దుకున్నాడు. అతడు కారులోంచి క్షేమంగా దిగేదాకా మా వరుసలో ఎవరూ మాట్లాడలేదు. ఈ నలుగురి వేగాలూ రికార్డుకు ఏడెనిమిది మైళ్ల దూరంలో ఉన్నాయని ఆ గంటలో ఎవరికీ పట్టలేదు.

2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ నెక్లెస్ రోడ్డులో విద్యుత్ కార్ల ఫార్ములా ఈ రేసు జరిగినప్పుడు కూడా, ఆ కార్ల గరిష్ఠ వేగం గంటకు 322 కిలోమీటర్లని ప్రచారం బాగానే సాగింది. రేసు చూసి ఫోన్ చేసిన మా తమ్ముడు మాత్రం ఆ అంకె ఊసే ఎత్తలేదు. రోజూ తాను బండి నడిపే దారిలో ఆ కార్లు ఎలా మలుపు తిరిగాయో చెప్పాడు.

కాబట్టి నా సలహా ఇది. రికార్డు చూడాలని ఈ టిక్కెట్టు కొంటే నిరాశ తప్పకపోవచ్చు. శనివారం, ఆదివారాల్లో ఒకటే ఎంచుకోవాల్సి వస్తే ఆదివారం వెళ్లండి, చివరి వరుస పోటీకి గంట ముందే స్టాండులో చోటు చూసుకోండి. పరుగుకూ పరుగుకూ మధ్య ఖాళీ చాలా ఉంటుంది, ఎండ గట్టిగా కాస్తుంది, టోపీలు మరవకండి. అయిదుకు నాలుగు నక్షత్రాలు ఇస్తాను. 34వ కారు రాని ఏడాది అయితే ఒకటి తగ్గించుకోవచ్చు. మరుసటి ఏడు టిక్కెట్టు కొందామా అని అడిగితే, మావాడు ఈసారి ఎన్ని కార్లు వస్తున్నాయని అడిగాడు. మళ్లీ 34 అని తెలిశాకే సరేనన్నాడు.