పదమూడో బస్తా: మూడేళ్లుగా వాడుతున్న సీల్‌డివ్

పలాసలో జీడి పిక్కల బస్తా అంటే 80 కిలోలు. మూడేళ్ల కిందట ఇక్కడి ఒక గోదాం కోసం సాలిడిటీలో (బ్లాక్‌చెయిన్ ప్రోగ్రాములు రాసే భాషలో) అద్దె లెక్క రాశాను. 1,000 కిలోలు పెడితే 12 బస్తాలకే అద్దె పడింది. "బాబూ, పదమూడో బస్తా ఏదీ?" అని గోదాం పెద్దాయన ఫోన్ చేశారు. సాలిడిటీలో పూర్ణాంకాల భాగహారం శేషాన్ని వదిలేస్తుంది. పన్నెండున్నర అక్కడ 12 అయిపోతుంది.

అప్పుడు చాలామంది రాసేదే నేనూ రాశాను: 79 కలిపి 80తో భాగించడం. 1,000కి 13, 960కి 12 సరిగ్గా వచ్చాయి. తర్వాత ఒక టెస్టులో "పరిమితి లేదు" అనడానికి గుర్తుగా యూఇంట్256లో (256 బిట్ల, రుణం లేని పూర్ణాంకం) పట్టే గరిష్ఠ సంఖ్య పంపాను. కూడిక దగ్గరే లావాదేవీ ఆగిపోయింది. సాలిడిటీ 0.8 కంపైలర్ పరిమితి దాటితే ఆపేస్తుంది కాబట్టి ఆగింది. అంతకుముందు వెర్షన్లలో అయితే ఆ మొత్తం గరిష్ఠం దాటి, మళ్లీ సున్నా నుంచి మొదలై 78 అయ్యేది, జవాబు సున్నా బస్తాలు! తలుచుకుంటే ఇప్పటికీ టెన్షనే.

ఆ రోజు నుంచి ఓపెన్‌జెప్పెలిన్ (సాలిడిటీకి రెడీమేడ్ కోడ్ ఇచ్చే సంస్థ) మ్యాథ్ లైబ్రరీలోని సీల్‌డివ్ వాడుతున్నాను, అంటే భాగించి పై పూర్ణాంకానికి సవరించే ఫంక్షన్. ఇది ముందు ఒకటి తీసేసి, భాగించి, ఆ తర్వాత ఒకటి కలుపుతుంది. అందుకే ఎంత పెద్ద సంఖ్య ఇచ్చినా పరిమితి దాటదు. భాగించాల్సిన సంఖ్య సున్నా అయితే సున్నాయే ఇస్తుంది. 4వ వెర్షన్ తర్వాతి విడుదలల్లో సున్నాని సున్నాతో భాగించినా సున్నా వచ్చేది, 5.0 నుంచి అలా చేస్తే ఆపేస్తుంది. ఈ మార్పు నాకు చాలా నచ్చింది.

గ్యాస్ (ప్రతి పనికీ బ్లాక్‌చెయిన్‌లో పడే ఖర్చు) లెక్క మరీ బిగువుగా ఉన్న లూప్‌లో మాత్రం అసెంబ్లీ (యంత్రానికి దగ్గరి కింది స్థాయి కోడ్) రాసుకుంటాను: భాగఫలం, శేషం ఉంటే దానికి ఇంకొకటి. డివ్ 5, మోడ్ 5, పోలిక 3, కూడిక 3, మొత్తం 16 గ్యాస్. స్టాక్ ఖర్చు వేరే. కానీ ఈవీఎమ్‌లో (ఈ ప్రోగ్రాములు నడిచే ఇథీరియం వర్చువల్ మెషీన్) సున్నాతో భాగిస్తే ఎర్రర్ రాదు, సున్నా వస్తుంది. ఆ తనిఖీ మనమే పెట్టుకోవాలి. మిగతా చోట్ల ఈ తిప్పలు అక్కర్లేదు. ఖాళీ స్టోరేజ్ గడిలో ఒక్కసారి రాస్తేనే 20,000 గ్యాస్ దాటుతుంది, దాని ముందు ఈ ఆదా ఎంత?

ఏ ఫంక్షనూ తేల్చలేనిది ఒకటుంది: పై అంకెకి సవరించడం ఎక్కడ చేయాలి? ముగ్గురు రైతులు తలా 100 కిలోలు తెస్తే విడివిడిగా 6 బస్తాలు, అంతా కలిపితే 4. రెండూ సరైన లెక్కలే. పెద్దాయననే అడిగాను. "ఎవరి బస్తాలు వాళ్లవే బాబూ, కలపకూడదు" అన్నారు. అందుకని రైతు రైతుకీ విడిగానే సీల్‌డివ్ పిలుస్తున్నాను.