ఐబీఎస్‌కి అమిట్రిప్టిలిన్ మేలా, ఎస్‌ఎస్‌ఆర్‌ఐ మేలా?

"కడుపు నొప్పి అని వెళ్తే డాక్టరు డిప్రెషన్ మాత్ర రాశారు. రెండు రకాలున్నాయట, ఏది ఒంటికి పడుతుంది?" ఐబీఎస్ (పేగుల్లో వేరే రోగమేదీ కనబడకుండానే కడుపు నొప్పి, విరేచనాలు, మలబద్ధకం వేధించే జబ్బు) ఉన్నవాళ్లు నెలకు నలుగురైనా ఈ మాట అడుగుతున్నారు. ఆ రెండు రకాల్లో ఒకటి ట్రైసైక్లిక్‌లనే పాత రకం, అమిట్రిప్టిలిన్ అందులోదే; రెండోది సెర్ట్రాలిన్ లాంటి ఎస్‌ఎస్‌ఆర్‌ఐలు. వేసుకోవాలా వద్దా అన్నది మీ డాక్టరుతో తేల్చుకోండి. ఏది పడుతుందన్న దాని గురించి మాత్రం నేను చెప్పగలను. నాలుగు నెలల కిందట ఇదే ప్రశ్నతో చాలా రాత్రులు నిద్ర పోగొట్టుకున్నాను.

ముందు ఒక మాట. ఆ చీటీ చూసి, మీ బాధంతా మనసులోనే ఉందని డాక్టరు తేల్చేశారనుకోవద్దు. డిప్రెషన్‌కి అమిట్రిప్టిలిన్ 50 నుంచి 150 మిల్లీగ్రాముల దాకా వాడతారు. ఐబీఎస్‌కి రాత్రిపూట 10తో మొదలుపెట్టి, మామూలుగా 30 దాటనివ్వరు. అంత చిన్న మోతాదు పేగులకూ మెదడుకూ మధ్య నడిచే నొప్పి కబుర్ల జోరు తగ్గించడానికే.

ఇక ఎంపిక. నా దృష్టిలో దీన్ని తేల్చేది ఒకటే: మీ కడుపు ఎటు మొగ్గుతుంది, విరేచనాల వైపా, మలబద్ధకం వైపా? ఎందుకంటే ఈ మందుల మేలు కనబడటానికి నాలుగైదు వారాలు పడుతుంది, ఇబ్బందులు మాత్రం మొదటి రోజునుంచే మొదలవుతాయి. ఆ వారాలు గడిచేలోగా చాలామంది మాత్ర మానేస్తారు. అమిట్రిప్టిలిన్ పేగుల కదలికను నెమ్మదింపజేస్తుంది. విరేచనాల బాధ ఉన్నవాళ్లకు ఆ దుష్ఫలితమే కలిసొస్తుంది. ఎస్‌ఎస్‌ఆర్‌ఐలు సెరటోనిన్ అనే రసాయనం మీద పనిచేస్తాయి. ఒంట్లోని సెరటోనిన్‌లో 90 శాతానికి పైగా పేగుల్లోనే ఉంటుంది కాబట్టి మొదటి ఒకటి రెండు వారాలు వికారం, పలుచని విరేచనాలు మామూలే. ఇంట్లోంచి కదిలేలోపు నాలుగుసార్లు బాత్రూముకి పరిగెత్తే నాబోటివాళ్లకు ఆ రెండు వారాలు నరకమే.

అందుకే అమిట్రిప్టిలిన్ వైపు వెళ్లాను. అదీ సుఖంగా ఏమీ మొదలవలేదు. రాత్రి పదింటికి వేసుకుంటే మర్నాడు మధ్యాహ్నం దాకా తల దిమ్ముగా ఉండేది. డాక్టరుతో మాట్లాడి ఎనిమిదింటికి మార్చుకున్నాక పొద్దుటికి తేలికపడింది. మొదటి వారం బండి నడపలేదు, మీరూ నడపకండి. నోరు పిడచకట్టుకుపోయేది, నీళ్లు గుటక గుటకగా తాగుతూ నెట్టుకొచ్చాను. మూడో వారంలో రెండు రోజులు విరేచనమే కాలేదు. మోతాదు పెంచే ఆలోచన అప్పటికి ఆపి, 10 దగ్గరే ఉండమన్నారు. ఆరో వారంలో ఒకరోజు రెండు గంటలు బస్సులో ప్రయాణం చేసి దిగాక గుర్తొచ్చింది, దారిలో ఎక్కడ బాత్రూము ఉందో నేను వెతకనే లేదని. ఆ రోజు ఏడుపొచ్చింది.

నా ఒక్కరి అనుభవంతోనే మొగ్గు చూపడం లేదు. ఇంగ్లండులో 463 మందితో జరిగిన అట్లాంటిస్ పరీక్ష ఫలితాలు 2023లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చాయి. 10 నుంచి 30 మిల్లీగ్రాముల అమిట్రిప్టిలిన్ ఆరు నెలల తర్వాత ఉత్తుత్తి మాత్ర కంటే మెరుగ్గా పనిచేసింది. మోతాదును ఎవరి ఓపికను బట్టి వాళ్లే సర్దుకునే వీలు కూడా అందులో ఇచ్చారు. అమెరికా జీర్ణకోశ వైద్యుల సంఘం, ఏజీఏ, 2022లో ఐబీఎస్‌కి ట్రైసైక్లిక్‌లను సూచించింది, ఎస్‌ఎస్‌ఆర్‌ఐలు వాడొద్దని సూచించింది.

అయినా ఎస్‌ఎస్‌ఆర్‌ఐని తీసిపారేయలేను. మలబద్ధకం రకం వాళ్లకు అమిట్రిప్టిలిన్ ఉన్న ముడిని ఇంకా బిగిస్తుంది. ఆందోళన, దిగులు గట్టిగా ఉంటే 10 మిల్లీగ్రాముల అమిట్రిప్టిలిన్ వాటికి చాలదు, అక్కడ సెర్ట్రాలిన్ లాంటివే ఆసరా. గుండె లయ తప్పేవాళ్లు, గ్లకోమా (కంట్లో ఒత్తిడి పెరిగే జబ్బు) లేదా ప్రోస్టేట్ వాపు ఉన్నవాళ్లు అమిట్రిప్టిలిన్ పేరు వినగానే ఆ సంగతి డాక్టరుకి చెప్పాలి. ఎస్‌ఎస్‌ఆర్‌ఐ అయితే తిన్నాక వేసుకుంటే వికారం తగ్గుతుంది, నిద్ర చెడితే పొద్దున్నకు మార్చుకోవచ్చు. లైంగికాసక్తి తగ్గడం మాత్రం వికారంలా తొందరగా పోకపోవచ్చు. దాన్ని సిగ్గుపడి దాచుకోకండి.

నార్‌ట్రిప్టిలిన్ అమిట్రిప్టిలిన్‌కి తమ్ముడిలాంటిది, మత్తు కాస్త తక్కువ. డ్యులోక్సెటిన్ అనే మరో రకం డిప్రెషన్ మందును ఒళ్లునొప్పులు కూడా ఉన్నవాళ్లకు ఇస్తుంటారు.

ఏది వాడినా హఠాత్తుగా ఆపొద్దు. ట్రమడాల్ లాంటి నొప్పి మాత్రలు వాడుతుంటే ముందే చెప్పండి. మొదటి వారాల్లో, ముఖ్యంగా పాతికేళ్ల లోపువాళ్లకు, చచ్చిపోవాలన్న ఆలోచనలు వస్తే అపాయింట్‌మెంటు కోసం ఆగకుండా ఆ రోజే డాక్టరుకి చెప్పాలి.

నేనిప్పుడు 20 దగ్గర ఉన్నాను. నోరు ఇంకా కాస్త ఎండుతూనే ఉంది. ఆరు నెలలు నిండాక మెల్లగా తగ్గించి చూద్దామన్నారు.