బోరు నీళ్లకైతే సరే, సముద్రం నీళ్లు మాత్రం ఇక్కడ ఇవ్వొద్దు

తిరుపతిలో నీళ్ల టెస్టులు చేసే ఒక ప్రైవేటు ల్యాబ్ గురించి ఇది, పేరు రాయను. రెండు స్టార్లు, ఆ రెండూ అక్కడి టెక్నీషియన్ అన్నకే.

2022లో జిల్లాలు విడదీశాక మా తిరుపతికీ సముద్రం వచ్చింది కదా, ఎమ్మెస్సీ ప్రాజెక్టు కోసం వాకాడు మండలం తూపిలిపాళెం నీళ్లలో పాదరసం ఎంతుందో చూద్దామనుకున్నా. ల్యాబ్ కౌంటర్లో అడిగితే "మెర్క్యురీనా, చేస్తాం సార్" అని డబ్బు కట్టించుకుని ఒక ప్లాస్టిక్ క్యాన్ చేతిలో పెట్టారు. నీళ్లు పట్టుకొచ్చి ఇచ్చిన వారానికి రిపోర్ట్ వచ్చింది. 'బీడీఎల్ (మిషన్ పట్టగలిగే హద్దు కంటే తక్కువ), లీటరుకు 0.001 మిల్లీగ్రాము కంటే తక్కువ' అని ఉంటే పాదరసం లేదనుకుని సంబరపడిపోయా. మా మేడమ్ చూసి నవ్వారు.

ఆ 0.001 మిల్లీగ్రాము అంటే వెయ్యి నానోగ్రాములు. మన తాగునీటి ప్రమాణం కూడా అంతే, అందుకని బోరు నీళ్లకి ఆ మిషన్ చాలు. నడిసముద్రం నీళ్లలో అయితే మామూలుగా లీటరుకి ఒక నానోగ్రాము కూడా ఉండదు! అంటే దానికి వంద రెట్లు కలిసినా వీళ్ల రిపోర్టులో మళ్లీ బీడీఎల్లే. లారీ కాటా మీద ముక్కుపుడక పెట్టి బరువే లేదన్నట్టు.

దీనికి అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ వాళ్ల 1631 పద్ధతి కావాలట. శాంపిల్లో బ్రోమిన్ మోనోక్లోరైడ్ కలిపి, తర్వాత స్టానస్ క్లోరైడ్‌తో పాదరసాన్ని ఆవిరిగా లేపి, బంగారం పూసిన ఇసుక మీద పట్టుకుని (బంగారాన్ని పాదరసం ఎలా పట్టుకుంటుందో ఏ కంసాలిని అడిగినా చెప్తాడు), మళ్లీ వేడిచేసి వదిలి ఫ్లోరసెన్స్‌తో (ఆ ఆవిరి మీద కాంతి వేస్తే అది తిరిగి ఇచ్చే వెలుగుతో) కొలుస్తారు, లీటరుకి 0.2 నానోగ్రాముల దాకా దొరుకుతుంది. క్యాన్ కూడా తప్పే, మామూలు ప్లాస్టిక్ గుండా పాదరసం ఆవిరి అటూ ఇటూ పోతుంది కాబట్టి గాజు సీసా గానీ టెఫ్లాన్ గానీ వాడాలి. పంటికి వెండి ఫిల్లింగ్ (అందులోనూ పాదరసం ఉంటుంది) ఉన్నవాళ్లు శాంపిల్ మీద ఊపిరి కూడా వదలకూడదట, మావాడేమో క్యాన్‌లో ఇసుక పడిందని నోటితో ఊదాడు, వాడికి రెండు ఫిల్లింగులు.

వెళ్లి అడిగితే టెక్నీషియన్ అన్న దాచకుండా చెప్పాడు: "మా మిషన్ పీపీబీ (అంటే లీటరుకి వెయ్యి నానోగ్రాములు) దాకానే తమ్ముడూ, ముందే నన్నడిగుంటే నీ డబ్బు మిగిలేది." మా రేణిగుంట ఇంటి బోరు నీళ్లకి ఫ్లోరైడ్ టెస్ట్ మాత్రం రెండ్రోజుల్లో చక్కగా చేసిచ్చాడు. సముద్రం డబ్బు వెనక్కివ్వమంటే కౌంటర్లో ఒకటే మాట, "రిపోర్ట్ ఇచ్చాం కదా సార్."