చక్రాల మీద కాపురం: ఏ చోటు ఎవరికి కుదురుతుంది

అమెరికాలో ఇల్లు ఖాళీ చేసి ఆర్వీలోకి, అంటే ఇల్లులా వాడుకునే బండిలోకి, మారిపోదామనుకునే తెలుగు దంపతులు ముందుగా అడిగేది ఏ పార్కు బాగుంటుందని. దానికి జవాబు వాళ్ల అలవాట్లలోనే ఉంటుంది. ఊళ్లు చూడాలన్న సరదా కొన్నాళ్లకు తగ్గుతుంది. ఆ తర్వాత కూడా ఈ కాపురంలో నిలబడేది రోజూ బండిని కనిపెట్టుకుని ఉండటం విసుగనిపించనివాళ్లే. కొత్త చప్పుడు వినబడితే ఆగి చూస్తారు. ట్యాంకులో నీళ్లెన్ని ఉన్నాయో అడిగితే నోటికి చెబుతారు.

చలికాలానికి అరిజోనాలోని క్వార్ట్‌జ్‌సైట్ దగ్గర ఉన్న లా పోసాకు సాటి వచ్చే చవక చోటు దొరకడం కష్టం. ప్రభుత్వ భూములు చూసే బీఎల్ఎం సంస్థ దీన్ని నడుపుతుంది. 180 డాలర్లు కడితే సెప్టెంబరు 15 నుంచి ఏప్రిల్ 15 వరకు ఉండొచ్చు, 40 డాలర్లకు రెండు వారాలు. మురుగు ట్యాంకులు ఖాళీ చేసే డంప్ స్టేషన్, మంచినీళ్లు, చెత్త వేసే ఏర్పాటు అందులోనే. కానీ సైటు దగ్గర కరెంటూ ఉండదు, కుళాయీ ఉండదు. అందుకే ఇక్కడ లెక్క తెలిసినవాళ్లే సుఖపడతారు. 12 వోల్టుల, 200 ఆంపియర్ అవర్ల లిథియం బ్యాటరీలో ఉండేది సుమారు 2500 వాట్ అవర్లు. 1800 వాట్ల ఇండక్షన్ పొయ్యి అరగంట వాడితే అందులో 900 పోతాయి, కాబట్టి కుక్కర్ ప్రొపేన్ స్టవ్ మీదే పెట్టాలి. నిమిషానికి 2 గ్యాలన్లు వదిలే షవర్ కింద పది నిమిషాలు నిలబడితే స్నానం, సింకు నీళ్లు చేరే 40 గ్యాలన్ల గ్రే ట్యాంకు సగం నిండిపోతుంది. చెంబుతో స్నానం అలవాటున్నవాళ్లకు మూడు గ్యాలన్లు చాలు. బియ్యం కడిగిన నీళ్లు, పప్పు అడుగు, చింతపండు పిప్పి సింకులో పోస్తే గ్రే ట్యాంకు పులిసి వాసన కొడుతుంది. పిప్పి చెత్తలో వేసి, కంచాలు కాగితంతో తుడిచాకే కడగాలి.

కరెంటు, నీళ్లు, కాలువ కనెక్షన్లు, అంటే హుకప్‌లు, అన్నీ ఉన్న చోట హాయిగా ఉంటుందనుకుంటాం కానీ, ఎక్కువ పాడయ్యేది అక్కడే. కాలువ గొట్టం తగిలించి టాయిలెట్ మలినం చేరే బ్లాక్ ట్యాంకు వాల్వు తెరిచి వదిలేస్తే నీళ్లు జారిపోయి, మలం అడుగున గట్టిపడి గుట్టగా పేరుకుంటుంది. దాన్ని కరిగించడానికి రోజులు పడుతుంది. వాల్వు మూసే ఉంచి, ట్యాంకు మూడింట రెండు వంతులు నిండాకే వదలాలి. చేతికి గ్లవుజులు వేసుకుని ముందు బ్లాక్, తర్వాత గ్రే తెరిస్తే సబ్బునీళ్లు గొట్టాన్ని కడుగుతాయి. రెండూ మూశాక టాయిలెట్లో మూడు నాలుగు గ్యాలన్ల నీళ్లు పోసి ట్యాంకు మందు వేయాలి. మనవాళ్లు నీళ్లతో కడుక్కోవడం వల్ల ట్యాంకు త్వరగా నిండినా, దానికి అది మేలే. లోపలి సెన్సార్లు కాగితం అంటుకుని తప్పు చూపిస్తుంటాయి కాబట్టి వాటిని నమ్మొద్దు.

కరెంటు విషయంలో 30 ఆంపియర్ల సైటంటే 3600 వాట్లే. ఏసీకి దాదాపు 1500, ఇండక్షన్‌కు 1800 పోతాయి. ఆ పైన పచ్చడికి 750 వాట్ల మిక్సీ వేస్తే బ్రేకర్ పడిపోతుంది. పొయ్యి ఆపి మిక్సీ తిప్పాలి, అంతే. ప్లగ్గు పెట్టేముందు వోల్టేజీ తప్పులు పట్టే ఈఎంఎస్, కుళాయికి 50 పీఎస్ఐ ప్రెషర్ రెగ్యులేటర్ తప్పనిసరి. ఈ రెండూ లేకుండా ఏ పార్కులోనూ తగిలించొద్దు.

గ్రాండ్ క్యాన్యన్ దక్షిణపు అంచున రెండు దారులున్నాయి. మాథర్ క్యాంప్‌గ్రౌండ్‌లో హుకప్‌లు లేవు, బండి 30 అడుగులు దాటకూడదు. ట్రైలర్ విలేజ్‌లో అన్నీ ఉన్నాయి, 50 అడుగుల బండీ పడుతుంది, అద్దె మాత్రం చాలా ఎక్కువ. చిన్న బండీ క్యాన్యన్ నడకలూ చాలనుకుంటే మాథరే మేలు. బుకింగ్ ఆరు నెలల ముందు తెరుచుకుంటుంది, ఆ రోజే కూర్చోవాలి. యెల్లోస్టోన్ లోపల హుకప్‌లున్నది ఫిషింగ్ బ్రిడ్జ్ ఒక్కటే. ఎలుగుబంట్ల వల్ల గట్టి గోడల బండ్లనే రానిస్తారు. జూన్‌లో కూడా రాత్రుళ్లు గడ్డకట్టే చలి ఉంటుంది కాబట్టి చీకటి పడకముందే బయటి గొట్టం తీసి, లోపలి ట్యాంకులోని నీళ్లు వాడుకోవాలి. 20 పౌండ్ల ప్రొపేన్ సిలిండర్ మీద 30,000 బీటీయూల ఫర్నేస్ ఆగకుండా మండితే వచ్చేది 14 గంటలే, అందుకే రెండో సిలిండర్ నిండుగా ఉండాలి. గ్లేసియర్ పార్కులో గోయింగ్ టు ది సన్ రోడ్డు మీద అవలాంచ్, రైజింగ్ సన్‌ల మధ్య 21 అడుగులు దాటిన బండ్లకు, అద్దాలతో కలిపి 8 అడుగుల వెడల్పు దాటినవాటికి అనుమతి లేదు. ట్రైలర్ కింద వదిలి షటిల్లోనో కారులోనో వెళ్లడం మంచిది. బండి పొడవు, ఎత్తు, వెడల్పు చీటీ మీద రాసి డ్రైవరు ఎదుట అంటించుకోనివాళ్లు ఇలాంటి రోడ్లలో ఇరుక్కుంటారు.

వాల్‌మార్ట్ పార్కింగ్ ఒక్క రాత్రి నిద్రకే పనికొస్తుంది. మేనేజర్ని అడగాలి, కుర్చీలు బయట వేయకూడదు. రోజుకు 300 మైళ్లు దాటకుండా, మధ్యాహ్నం మూడింటికల్లా దిగి, మూడు రాత్రులుండి కదలడం పాతకాపుల పద్ధతి. సెలవులు తక్కువగా ఉండి అన్నీ చూసేయాలని తొందరపడేవాళ్లకు ఈ జీవితం సరిపడదు.

బయల్దేరేముందు ట్రక్ స్టాపులో క్యాట్ స్కేల్ మీద తూకం వేయించండి. ట్రైలర్ బరువులో 10 నుంచి 15 శాతం, దాన్ని లాగే బండికి తగిలించే హిచ్ మీద పడాలి. తక్కువైతే వెనక భాగం ఊగుతుంది. బియ్యం బస్తాలు, వెట్ గ్రైండర్ వెనక అరలో సర్దితే జరిగేది అదే. టైరు మీద డీఓటీ కోడ్ చివరి నాలుగు అంకెలు చూడాలి: 3521 అంటే 2021లో 35వ వారం తయారైనదని. అరుగుదల లేకపోయినా ఐదారేళ్లకు మార్చేయాలి. చక్రం విప్పి బిగించాక మొదటి 50 మైళ్లు నడిచాక ఓసారి నట్లు టార్క్ రెంచ్‌తో చూసుకోవాలి. ఆర్నెల్లకోసారి బండి పైకెక్కి, కిటికీల, గాలి గొట్టాల చుట్టూ సీలెంట్ పగిలిందేమో వేలితో తడమాలి. నీళ్లు లోపలికి దిగితే చెక్క మెత్తబడ్డాకే బయటపడుతుంది.

ఇద్దరి మధ్య పొత్తు తెలిసేది వెనక్కి పెట్టేటప్పుడు. దిగి చూపించే మనిషి డ్రైవరుకు అద్దంలో కనబడాలి, కనబడకపోతే వెంటనే బండి ఆగిపోవాలి. చేతులతో కన్నా ఫోన్లో మాట్లాడుకోవడం నయం. "ఆపు", "కుడికి" లాంటి మాటలు ముందే ఒప్పుకుంటే గొంతులు లేవవు.

ఉద్యోగం ఉన్న మనవాళ్లకు ఇంకో చిక్కుంది. హెచ్1బీ వీసాలో పనిచేసే చోటు కంపెనీ కార్మిక శాఖకు దాఖలు చేసే ఎల్సీఏతో ముడిపడి ఉంటుంది. వేరే మెట్రో ప్రాంతానికి మారి పనిచేయాలంటే కంపెనీ పిటిషన్ సవరించాల్సి రావొచ్చు, కాబట్టి ముందు వాళ్ల లాయరును అడగాలి. గ్రీన్ కార్డున్నవాళ్లకు ఆ బెడద లేదు. సౌత్ డకోటాలోనో టెక్సస్‌లోనో చిరునామా పెట్టుకుంటే ఆ రాష్ట్రానికి ఆదాయపు పన్ను కట్టక్కర్లేదు. టెక్సస్ లివింగ్‌స్టన్‌లో ఎస్కేపీస్ అనే ఆర్వీవాళ్ల క్లబ్ ఉత్తరాలు అందుకుని పంపే సేవ నడుపుతోంది. అయితే ఆరోగ్య బీమా మార్కెట్‌ప్లేస్ పథకం తీసుకున్న రాష్ట్రానికే ఎక్కువగా పరిమితమవుతుంది కాబట్టి మీరెక్కువగా ఉండే చోట్ల ఆసుపత్రులు దాని కింద వస్తాయో లేదో చూశాకే రాష్ట్రం ఎంచుకోండి. పౌరసత్వం లేనివాళ్లు చిరునామా మారిన 10 రోజుల్లోగా ఆ మార్పు తెలిపే ఏఆర్-11 ఫారం దాఖలు చేయాలి.