ముందు వైపు ఫరో, వెనక వైపు గిల్టు: ఈజిప్షియన్ కాలర్ నెక్లెస్ రివ్యూ

ఆన్‌లైన్‌లో తెప్పించిన ఈజిప్షియన్ కాలర్ నెక్లెస్ గురించి ఇది. భుజాల దాకా పరుచుకుని, వరసలు వరసలుగా పూసలతో, రెండు చివర్లా డేగ తలలతో ఉండే వెడల్పాటి హారం, వెసెఖ్ అంటారు. అమ్మేవాళ్లు దీన్ని "క్లియోపాత్రా నెక్లెస్" అని రాశారు గానీ, ఆవిడ పుట్టడానికి రెండు వేల ఏళ్లకు పైగా ముందే ఈజిప్టులో ఈ హారాలు వేసుకునేవాళ్లు.

చూడ్డానికి మాత్రం వంక పెట్టలేం. ముదురు నీలం, ఆకుపచ్చ కలిసిన లేత నీలం, ఇటుక ఎరుపు, మధ్యమధ్య బంగారు రంగు, అన్నీ సరిగ్గా కుదిరాయి. అసలు నగల్లో ఆ ముదురు నీలం లాపిస్ లాజులి, అఫ్గానిస్తాన్‌లోని బదఖ్షాన్ నుంచి అంత దూరం వచ్చేది. లేత నీలం సైనాయ్ గనుల టర్కాయిస్, ఎరుపేమో కార్నీలియన్. రాళ్లు కొనే స్తోమత లేనివాళ్లకి ఫాయెన్స్ పూసలుండేవి (రాజులూ వేసుకున్నారనుకోండి), స్ఫటికపు పొడిని క్షారంతో ముద్ద చేసి రాగి కలిపి కాలిస్తే పైన నీలం మెరుపు తేలుతుంది. అంటే ఇమిటేషన్ నగలు వాళ్లకీ కొత్త కాదు, కాబట్టి ఇందులో రెసిన్ పూసలున్నాయని నాకేం బాధ లేదు.

బాధంతా వెనక వైపుతోనే. కాస్త వంగితే చాలు, హారం మొత్తం ముందుకు జారిపోతుంది, సన్న గొలుసు మెడ వెనక కోసుకుపోతుంది. పాతవాళ్లు దీనికి ఎప్పుడో ఉపాయం కనిపెట్టారు, వీపు మీదకు వేలాడేలా ఒక బరువు బిళ్ల కట్టేవాళ్లు, మంఖెత్ అని, ముందు బరువుని అది సరిచేసేది. వాళ్లకి వెనక వైపంటే అంత పట్టింపు. 1914లో ఈజిప్టులోని లాహున్‌లో దొరికిన రాజకుమారి సిత్‌హాథోర్‌యునెత్ పతకం ఇప్పుడు న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది, ముందు వైపు 372 రాతి ముక్కలు పొదిగారు, సరే, కానీ ఒంటికి ఆనుకుని ఎవరికీ కనపడని వెనక బంగారం మీద కూడా ఆ బొమ్మలన్నీ మళ్లీ చెక్కారు!

1922లో ఈజిప్టు రాజు టుటన్‌ఖామున్ సమాధి బయటపడ్డాక యూరప్ ఫ్యాషన్‌కి ఈజిప్టు పిచ్చి బాగా పట్టింది, ఫ్రాన్స్ నగల కంపెనీ కార్టియే వాళ్లయితే నిజమైన పురాతన ఫాయెన్స్ ముక్కలనే వజ్రాల మధ్య బిగించి బ్రోచ్‌లు చేశారు. అప్పట్నుంచీ రంగులూ, రెక్కలూ, పేడపురుగు బొమ్మలూ ఎన్ని నగల మీదకు ఎక్కాయో లెక్కలేదు. మంఖెత్ మాత్రం నాకు ఏ షాపు ఫొటోలోనూ కనపడలేదు.

ఫొటోషూట్‌కో నాటకానికో అయితే నిశ్చింతగా కొనొచ్చు, రోజంతా ఉండే ఫంక్షన్‌కి వద్దు. ఒక డేగ ముక్కు అతుకు దగ్గర ఊడింది, జిగురు పెడితే సరిపోయింది. గొలుసు తీసేసి వెడల్పాటి రిబ్బన్ కుట్టించి, వీపు వైపు ఒక బరువైన లాకెట్ తగిలించాను, ఇప్పుడు జారడం లేదు. అయిదుకి మూడు స్టార్లు, ఆ మూడూ రంగులకే.